అంచనాలో లేని పద్దులు: నిజాంసాగర్, పోచారం జలాశయాల రూపకల్పన, వ్యయ మదింపు పద్ధతుల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నేటి కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డికి ఇరుపక్కలా ఉన్న నిజాంసాగర్, పోచారం జలాశయాలు హైదరాబాద్ సంస్థాన ఇంజినీరింగు ప్రతిభకు నిదర్శనాలుగా ప్రసిద్ధి పొందాయి. వాటి నిర్మాణ చరిత్రపై వచ్చిన రచనలు ప్రధానంగా పాలకుల దార్శనికతను, ఇంజినీర్ల నైపుణ్యాన్ని వివరించాయి. ఈ జలాశయాల రూపకల్పనలో, వ్యయ మదింపులో ఏ అంశాలు లెక్కలోకి వచ్చాయి, ఏవి రాలేదు అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పూడిక విషయంలో నిజాంసాగర్ అంచనా ఎందుకు తప్పింది, 2025 నాటి వరదను పోచారం మత్తడి ఎలా తట్టుకుంది అనే రెండు సందర్భాలను పక్కపక్కన నిలిపి, నిర్మాణం పూర్తయిన రోజుతో ముగిసే వ్యయ మదింపు ఒక సంక్లిష్ట వ్యవస్థ అసలు విలువను చూపలేదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నిజాంసాగర్, పోచారం, మంజీర, అలీ నవాజ్ జంగ్, వ్యయ మదింపు, పూడిక, వరద సూత్రాలు, జీవితకాల వ్యయం.

1. ఉపోద్ఘాతం

ఒక జలాశయ చరిత్రను సాధారణంగా శంకుస్థాపనతో మొదలుపెట్టి ప్రారంభోత్సవంతో ముగిస్తారు. పాలకుని పేరు, ఇంజినీరు పేరు, ఖర్చయిన మొత్తం, సాగులోకి వచ్చిన ఎకరాలు చెప్పడంతో ఆ చరిత్ర సంపూర్ణమైనట్లు భావించడం పరిపాటి. నిజానికి జలాశయం తన పనిని ప్రారంభించేది ఆ చరిత్ర ముగిసిన చోటనే. ఆనాటి నుండి ఏటా వరద వస్తుంది, వరదతోపాటు ఒండ్రు వస్తుంది, ఎగువన కొత్త కట్టడాలు వస్తాయి, దిగువన కొత్త అవసరాలు పుడతాయి. వీటిలో ఎన్నింటిని రూపకర్తలు ముందుగా లెక్కించారన్నది ఇంజినీరింగు ప్రశ్నగా కనిపించినా, మౌలికంగా అది చరిత్ర ప్రశ్న కూడా.

ఇంజినీరు తయారుచేసే అంచనా పత్రాన్ని చరిత్రకారుడు కేవలం అంకెల పట్టికగా చూడరాదు. ఏ పనికి ఒక పద్దు కేటాయించారో, దేనికి కేటాయించలేదో గమనిస్తే, ఆ కాలపు రాజ్యం దేన్ని ఖర్చుగా, దేన్ని లాభంగా, దేన్ని పట్టించుకోనవసరం లేని విషయంగా భావించిందో తెలుస్తుంది. పద్దు లేని ఖర్చు మాయమైపోదు. అది మరొక తరం పేరిట, మరొక రూపంలో తిరిగి వస్తుంది. ఈ దృష్టితోనే ప్రస్తుత వ్యాసం రెండు జలాశయాలను పరిశీలిస్తున్నది.

2. భౌగోళిక, పాలనా నేపథ్యం

మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, కర్ణాటక మీదుగా తెలంగాణలో ప్రవేశించి సుమారు 724 కిలోమీటర్ల ప్రయాణం తరువాత గోదావరిలో కలుస్తుంది. ఈ నదిపై అచ్చంపేట, బంజెపల్లి గ్రామాల మధ్య 1923లో మొదలై 1931లో పూర్తయిన జలాశయమే నిజాంసాగర్. దాని పరీవాహక ప్రాంతం దాదాపు 21,694 చదరపు కిలోమీటర్లు. మంజీరలో కలిసే ఒక వాగుపై, నేటి నాగిరెడ్డిపేట మండలంలో 1922 నాటికి పూర్తయినది పోచారం జలాశయం. ఎల్లారెడ్డి పట్టణానికి పడమటి దిక్కున నిజాంసాగర్, ఆగ్నేయంగా పోచారం ఉన్నాయి. పోచారం మత్తడి దూకిన నీరు మంజీరలో చేరి నిజాంసాగర్‌కే వస్తుంది. కాబట్టి ఈ రెండింటినీ విడివిడి కట్టడాలుగా కాక, ఒకే నదీ వ్యవస్థలోని రెండు అంగాలుగా చూడవలసి ఉంటుంది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడడంతో రెండూ ఒకే జిల్లా పరిధిలోకి వచ్చాయి.

ఈ నిర్మాణాల వెనుక ప్రధానంగా వినిపించే పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877లో జన్మించిన మీర్ అహ్మద్ అలీ, హైదరాబాద్‌లో చదువు ముగించి ప్రభుత్వ విద్యార్థి వేతనంపై ఇంగ్లండులోని కూపర్స్‌హిల్ ఇంజినీరింగు కళాశాలకు వెళ్లారు. బ్రిటిష్ ఇండియా ప్రజాపనుల శాఖకు ఇంజినీర్లను తయారుచేయడానికే స్థాపించిన సంస్థ అది. 1899లో తిరిగివచ్చి సంస్థాన ప్రజాపనుల శాఖలో చేరి, 1918లో చీఫ్ ఇంజినీరు, కార్యదర్శి పదవిని చేపట్టారు. భారత జాతీయ కాంగ్రెస్ ఏర్పాటు చేసిన జాతీయ ప్రణాళికా సంఘంలో నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షత వహించిన వారు కూడా ఆయనే. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ప్రభుత్వం ఇంజినీర్ల దినోత్సవంగా పాటిస్తున్నది.

3. అంచనా పద్ధతి: దశబంధం నుండి రేట్ల పట్టిక వరకు

తెలుగు నేలపై నీటి వనరుల వ్యయ మదింపు ఆధునిక ప్రజాపనుల శాఖతో పుట్టలేదు. శాసనాలలో కనిపించే దశబంధ విధానం ఇందుకు నిదర్శనం. చెరువు తవ్వించిన వానికి, లేదా దానిని బాగుచేయించే వానికి, ఆ చెరువు కింది భూమిలో లేదా పంటలో ఒక భాగాన్ని మాన్యంగా ఇచ్చేవారు. పేరును బట్టి అది పదో వంతు. ఆచరణలో ప్రాంతాన్ని బట్టి మారేది. ఇందులో గమనించదగ్గ అంశం ఒకటి ఉంది. నిర్మాణ వ్యయం, నిర్వహణ వ్యయం అనే రెండు ఖాతాలు ఇక్కడ విడివడలేదు. చెరువు పనిచేసినంత కాలమే మాన్యానికి విలువ ఉంటుంది. చెరువు పూడిపోతే దాని కింది మాన్యం కూడా ఎండిపోతుంది. పూడిక తీయించవలసిన బాధ్యత, దానికి కావలసిన ఆదాయం ఒకే ఏర్పాటులో ముడిపడి ఉన్నాయి.

పంతొమ్మిదో శతాబ్దపు ప్రజాపనుల శాఖ మరొక పద్ధతిని తెచ్చింది. కట్టడాన్ని మట్టిపని, రాతికట్టు, సున్నపు గచ్చు, తూములు, గేట్లు, కాలువలు అని భాగాలుగా విడగొట్టడం, ఒక్కొక్క భాగపు పరిమాణాన్ని నకాషాల నుండి కొలవడం, ఆ పరిమాణాన్ని రేట్ల పట్టికలోని ధరతో గుణించడం, అన్నిటినీ కూడి మొత్తం తేల్చడం ఆ పద్ధతి. నేటికీ మన నీటిపారుదల శాఖ అంచనాలకు మూలం ఇదే. దీని బలం స్పష్టమైనది. ఎక్కడ ఎంత ఖర్చవుతుందో ముందుగా తెలుస్తుంది. పని జరుగుతుండగా సరిచూసుకోవచ్చు. ఒక పని ధరను మరొక పని ధరతో పోల్చవచ్చు. అయితే ఈ పద్ధతి కొలవగలిగేది కట్టే పనిని మాత్రమే. కట్టడం పూర్తయిన తరువాత కాలం చేసే పనికి నకాషా లేదు, రేటూ లేదు.

లాభం వైపు లెక్క కూడా ఇటువంటిదే. బ్రిటిష్ ఇండియాలో నీటిపారుదల పనులను ఉత్పాదక పనులు, రక్షక పనులు అని విభజించారు. పని పూర్తయిన పదేళ్లలోపు నికర రాబడి పెట్టుబడిపై వడ్డీని చెల్లించగలిగితే అది ఉత్పాదక పని. కరువు నివారణకు ఉద్దేశించినవి రక్షక పనులు. 1901–03 నాటి నీటిపారుదల సంఘం ఈ విభజనను విస్తృతంగా చర్చించింది. కూపర్స్‌హిల్‌లో చదివిన ఇంజినీర్లకు ఈ కొలమానం సుపరిచితం. పదేళ్ల గడువు పెట్టుకున్న కొలమానానికి పదకొండో ఏడు తరువాతి సంగతి కనిపించదు. యాభై ఏళ్ల పూడిక దాని దృష్టికి ఆననే ఆనదు.

సంస్థాన ఆర్థిక వ్యవస్థ కూడా ఈ దృష్టిని బలపరిచింది. అక్బర్ హైదరీ ఆర్థిక సభ్యుడిగా ఉన్న కాలంలో, 1920వ దశకం తొలినాళ్లలో, ఒక్కొక్క శాఖకు మూడేళ్లకు నిర్ణీత మొత్తం కేటాయించే పద్ధతి ప్రవేశించింది. దుబారాను అరికట్టడంలో అది మేలైన సంస్కరణ. ఎనిమిదేళ్లపాటు సాగిన నిజాంసాగర్ వంటి పనికి నిధుల స్థిరత్వం అవసరం కూడా. అయితే మూడేళ్ల బడ్జెట్టు, పదేళ్ల రాబడి, ఎనిమిదేళ్ల నిర్మాణం అనే మూడు గడువులలో ఏదీ జలాశయపు ఆయుష్షుకు దరిదాపుల్లో లేదు.

4. వరదను లెక్కకట్టడం: మారే ఘాతాంకం

జలాశయ రూపకల్పనలో అత్యంత కీలకమైన అంకె గరిష్ఠ వరద ప్రవాహం. మత్తడి ఎంత పొడవుండాలి, కట్ట ఎంత ఎత్తుండాలి అన్నవి దానిపైనే ఆధారపడతాయి. దశాబ్దాల తరబడి కొలిచిన ప్రవాహ వివరాలు లేని కాలంలో ఇంజినీర్లు పరీవాహక వైశాల్యాన్ని బట్టి వరదను ఊహించే సూత్రాలను ఆశ్రయించారు. 1865 నాటి డికెన్స్ సూత్రం ప్రకారం వరద, వైశాల్యపు 3/4వ ఘాతాన్ని అనుసరిస్తుంది. దక్షిణ భారతానికి ఉద్దేశించిన 1884 నాటి రైవ్స్ సూత్రం ప్రకారం 2/3వ ఘాతాన్ని అనుసరిస్తుంది. రెండింటిలోనూ ఘాతాంకం స్థిరం. స్థానిక పరిస్థితికి తగినట్లు మారేది గుణకం ఒక్కటే.

హైదరాబాద్ సంస్థాన పరీవాహక ప్రాంతాల కోసం అలీ నవాజ్ జంగ్ రూపొందించిన సూత్రం ఇంజినీరింగు పాఠ్యగ్రంథాలలో నవాబ్ జంగ్ బహదూర్ సూత్రంగా నేటికీ నిలిచి ఉంది. ఇందులో ఘాతాంకమే మారుతుంది. వైశాల్యాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుంటే, 0.993 నుండి ఆ వైశాల్యపు లాగరిథంలో 14వ వంతును తీసివేయగా మిగిలినది ఘాతాంకం. అంటే పరీవాహక ప్రాంతం పెరిగిన కొద్దీ ఘాతాంకం తగ్గుతుంది. ఈ తేడా ఎంతటిదో ఒక చిన్న లెక్క చూపుతుంది. వైశాల్యం నాలుగింతలైతే డికెన్స్ సూత్రం ప్రకారం వరద ఎప్పుడూ 2.83 రెట్లవుతుంది. జంగ్ సూత్రం ప్రకారం 100 చదరపు కిలోమీటర్లు 400 అయినప్పుడు వరద 2.5 రెట్లు, 2,500 చదరపు కిలోమీటర్లు 10,000 అయినప్పుడు 1.9 రెట్లు మాత్రమే అవుతుంది.

దీని వెనుక ఉన్నది దక్కను వానల స్వభావం. చిన్న వాగు పరీవాహక ప్రాంతమంతటా ఒకేసారి కుండపోత కురవవచ్చు. మంజీర వంటి పెద్ద నది పరీవాహక ప్రాంతమంతటా ఒకే తీవ్రతతో, ఒకే సమయంలో కురవడం అరుదు. అనుభవంలో ఉన్న ఈ తేడాను గణితరూపంలోకి తెచ్చిన సూత్రం ఇది. వ్యయ పరంగా కూడా దీని ప్రాముఖ్యం తక్కువది కాదు. పెద్ద నదికి స్థిర ఘాతాంకం వాడితే మత్తడి అవసరానికి మించి పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. చిన్న వాగుకు తక్కువ అంచనా వేస్తే ప్రమాదం పెరుగుతుంది. ఒకే సూత్రంలో పొదుపును, భద్రతను రెండింటినీ కలిపిన ప్రయత్నంగా దీనిని గుర్తించవలసి ఉంది.

5. రెండు జలాశయాలు, రెండు కొలమానాలు

పోచారానికి అయిన ఖర్చు 27.11 లక్షల రూపాయలు. తొలి నిల్వ సామర్థ్యం 2.423 టీఎంసీలు. ఆయకట్టు 10,500 ఎకరాలు. నిజాంసాగర్ వ్యయం మూడు కోట్ల రూపాయలను దాటింది. తొలి సామర్థ్యం 29.72 టీఎంసీలు. ఉద్దేశించిన ఆయకట్టు 2,75,000 ఎకరాలు. ప్రధాన కాలువ పొడవు దాదాపు 155 కిలోమీటర్లు.

ఈ అంకెలను చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది నాణెం. సంస్థానంలో చెల్లుబాటైన హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియా కల్దార్ రూపాయి ఒకటి కావు. స్థూలంగా ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. సంస్థాన వ్యయాన్ని మద్రాసు, బొంబాయి ఆనకట్టల వ్యయంతో పోల్చేటప్పుడు ఈ తేడాను విస్మరిస్తే ఏడింట ఒక వంతు పొరపాటు వస్తుంది. రెండవది సంవత్సరం. సంస్థాన రికార్డులు ఫసలీ సంవత్సరాలలో ఉంటాయి. వాటికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది గాని, రెండు సంవత్సరాదులు వేరు కనుక ఒక్కొక్క ఫసలీ సంవత్సరం రెండు క్రీస్తు సంవత్సరాలలోకి విస్తరిస్తుంది.

ఇప్పుడు ఈ రెండు పనులలో ఏది చవక అన్న ప్రశ్న వేసుకుందాం. ఎకరాకు లెక్కిస్తే పోచారానికి సుమారు 258 రూపాయలు. నిజాంసాగర్‌కు 110 రూపాయల నుండి మొదలవుతుంది. ఈ కొలమానంలో పెద్ద ప్రాజెక్టు సగం ధరకే వచ్చినట్లు కనిపిస్తుంది. నిల్వ చేసిన టీఎంసీకి లెక్కిస్తే పోచారానికి 11 లక్షల పైచిలుకు. నిజాంసాగర్‌కు కూడా పది లక్షలు దాటుతుంది. ఈ కొలమానంలో రెండూ దాదాపు సమానమే. వ్యత్యాసం కట్టడాలలో కంటే కొలమానంలోనే ఎక్కువగా ఉందని దీనివల్ల తెలుస్తుంది. ఎకరాన్ని ప్రమాణంగా ఎంచుకున్న ప్రభుత్వం పెద్ద జలాశయాల వైపు మొగ్గడం సహజం. ఆ జలాశయం ఆ ఎకరాలకు ఎన్నేళ్లు నీరివ్వగలదన్న మూడవ కొలమానం ఆనాడు ఎవరి పట్టికలోనూ లేదు.

6. పూడిక: పదహారున్నర రెట్ల పొరపాటు

నిజాంసాగర్ రూపకల్పనలో ఏటా జలాశయంలో చేరుతుందని ఊహించిన పూడిక 530 ఎకరా అడుగులు. తరువాతి సర్వేలలో తేలినది ఏటా 8,725 ఎకరా అడుగులు. అంటే పదహారున్నర రెట్లు. ఈ అంకెలను కాలంలోకి మార్చి చూస్తే వాటి తీవ్రత బోధపడుతుంది. ఊహించిన వేగంతో పూడితే 29.72 టీఎంసీల జలాశయం నిండడానికి దాదాపు 1,290 ఏళ్లు పట్టాలి. వాస్తవ వేగంతో 78 ఏళ్లు చాలు. మొదటి అంకెను నమ్మిన రూపకర్తకు పూడిక ఒక సమస్యగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. వెయ్యేళ్లకు పైబడిన ఆయుష్షు గల కట్టడానికి వృద్ధాప్యం గురించి ఎవరు ఆలోచిస్తారు?

1970వ దశకం తొలినాళ్లకు నిల్వ సామర్థ్యం 11.8 టీఎంసీలకు పడిపోయింది. నాలుగు దశాబ్దాలలో దాదాపు 18 టీఎంసీలు, అంటే మొత్తంలో అరవై శాతం, మట్టిపాలయింది. తరువాత పూర్తి జలమట్టాన్ని 1,405 అడుగులకు పెంచి సామర్థ్యాన్ని 17.8 టీఎంసీలకు చేర్చారు. పోయిన నిల్వలో మూడింట ఒక వంతును మాత్రమే ఇది తిరిగి తెచ్చింది. అదీ పూడికను తొలగించి కాదు, నీటిమట్టాన్ని పైకి లేపి. పోచారం కూడా ఇందుకు మినహాయింపు కాదు. దాని సామర్థ్యం 2.423 నుండి 1.82 టీఎంసీలకు తగ్గింది.

ఈ పొరపాటును ఒక వ్యక్తికి ఆపాదించడం చారిత్రకంగా న్యాయం కాదు. మన దేశంలో జలాశయాల పూడిక సర్వేలు క్రమబద్ధంగా సాగింది 1950వ దశకం చివరి నుండే. స్వాతంత్ర్యానంతరం కట్టిన తుంగభద్ర, మయూరాక్షి, ఉకాయ్ జలాశయాలలో సైతం వాస్తవ పూడిక ఊహకు కొన్ని రెట్లుగా తేలింది. నిజాంసాగర్ విషయంలో రెట్ల సంఖ్య పెద్దది కావచ్చు. పొరపాటు జాతి ఒకటే. పూడికకు రేట్ల పట్టికలో చోటు లేదు కనుక దానిని గట్టిగా కొలవవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

కొలిచినా లెక్కలో దానికి తగిన బరువు దక్కేదా అన్నది మరొక ప్రశ్న. భవిష్యత్తులో వచ్చే నష్టాన్ని నేటి విలువకు తగ్గించి చూపడం ఆర్థిక మదింపులో స్థిరపడిన పద్ధతి. ఐదు శాతం వడ్డీతో లెక్కిస్తే యాభై ఏళ్ల తరువాతి రూపాయి నష్టం నేడు తొమ్మిది పైసలకు లోపే. పది శాతంతో లెక్కిస్తే ఒక పైసా కూడా కాదు. చివరి ఆయకట్టు రైతు పొలం యాభై ఏళ్ల తరువాత ఎండిపోతే, ఆ నష్టం నేటి అంచనా పత్రంలో పైసాకు మించదన్నమాట. గణితంగా ఇందులో దోషం లేదు. కానీ ఆ రైతు మనవడికి ఆ రూపాయి పూర్తి రూపాయే.

7. మత్తడి: ధర కట్టని భద్రత

పూడిక, లెక్కలోకి రాని నష్టం. లెక్కలోకి రాని లాభానికి పోచారం ఉదాహరణ. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో అసాధారణమైన వాన కురిసింది. కొన్నిచోట్ల ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా నమోదయింది. 70,000 క్యూసెక్కులకు రూపొందించిన పోచారం మీదికి 1.82 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినట్లు అధికారులు ప్రకటించారు. కట్ట అంచున కోత పడింది. దిగువ గ్రామాల ప్రజలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని గడిపారు. నూటమూడేళ్ల నాటి కట్టడం మాత్రం నిలిచింది.

ఆ ప్రవాహ వేగం ఎంతటిదో గ్రహించడానికి ఒక లెక్క ఉపకరిస్తుంది. 1.82 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నిలకడగా ఉంటే, పూర్తిగా ఖాళీగా ఉన్న 1.82 టీఎంసీల జలాశయం రెండు గంటల నలభై ఏడు నిమిషాలలో నిండిపోతుంది. రూపకల్పనలో ఊహించిన 70,000 క్యూసెక్కులకైతే ఏడు గంటలకు పైగా పడుతుంది. గేట్లు ఎత్తే నిర్ణయం తీసుకోవడానికి, సమాచారం చేరవేయడానికి, యంత్రాలను నడపడానికి ఈ తేడా ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనవసరం లేదు.

పోచారం నిలబడడానికి రాతికట్టు నాణ్యతతోపాటు మత్తడి రూపం కూడా ఒక కారణమని చెప్పవచ్చు. సుమారు 1.7 కిలోమీటర్ల పొడవైన ఈ కట్టడంలో వరద గేట్ల గుండా కాక మత్తడి మీదుగా దూకుతుంది. మత్తడిపై ప్రవాహం నీటి లోతు 3/2వ ఘాతాన్ని అనుసరిస్తుంది. కాబట్టి వరద 2.6 రెట్లయినా మత్తడిపై నీటి లోతు 1.9 రెట్లకే పరిమితమవుతుంది. గేటు కన్నం గుండా ప్రవాహం లోతు వర్గమూలాన్ని మాత్రమే అనుసరిస్తుంది. అక్కడ అదే వరదను పంపడానికి నీటి లోతు దాదాపు 6.8 రెట్లు పెరగాలి. పొడవైన మత్తడికి రాయి, సున్నం, కూలి ఎక్కువ కావాలి, అది 27.11 లక్షల ఖర్చులో చేరింది. ఊహకు అందని వరదను సైతం మనిషి ప్రమేయం లేకుండా దాటించగల గుణం మాత్రం ఏ పద్దులోనూ చేరలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నిలిచిన కట్టడాన్ని చూసి పాతవన్నీ గట్టివని నిర్ధారించడం తర్కదోషం. తెగిపోయిన చెరువులు మన ముందు సాక్ష్యానికి నిలబడవు. పోచారం నిలవడం పద్ధతి గొప్పదనానికి రుజువు కాదు. 70,000 అన్న అంచనా సరిపోలేదనడానికి కూడా అదే రుజువు. మనం గ్రహించవలసినది, అంచనా తప్పినప్పుడు కట్టడం ఎలా ప్రవర్తిస్తుందన్నదానికి కూడా ఒక విలువ ఉందన్న విషయాన్ని.

ప్రస్తుత ప్రమాణాల విషయంలో ఒక వైచిత్రిని కూడా ప్రస్తావించాలి. మత్తడి సామర్థ్య నిర్ణయానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 11223 (1985) ప్రకారం, నిల్వ 60 మిలియన్ ఘనపు మీటర్లు మించితే పెద్ద ఆనకట్ట. దానికి సంభావ్య గరిష్ఠ వరదను తట్టుకునే సామర్థ్యం ఉండాలి. 10 నుండి 60 మధ్య ఉంటే మధ్యతరహా. దానికి అంతకన్నా తక్కువైన ప్రామాణిక వరద చాలు. పోచారం తొలి నిల్వ 2.423 టీఎంసీలు అంటే 68.6 మిలియన్ ఘనపు మీటర్లు. నేటి 1.82 టీఎంసీలు అంటే 51.5. నిల్వ ప్రమాణాన్నే తీసుకుంటే, పూడిక చేరడం వల్ల ఈ జలాశయం కాగితంపై పెద్ద తరగతి నుండి మధ్య తరగతికి దిగుతుంది; దానికి నిర్దేశించే వరద స్థాయి కూడా తగ్గుతుంది. వరదను కాస్త ఆపి పంపగల నిల్వ తగ్గిన కొద్దీ ప్రమాదం పెరగాలే గాని తగ్గదు. ఇవాళ్టి కొలత ఒక్కటే చూసే ప్రమాణం, కాలం చేసిన పనిని ఇలా తలకిందులుగా నమోదు చేస్తుంది.

8. వ్యవస్థ హద్దులు

రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలో ఎదిగిన వ్యవస్థా ఇంజినీరింగు, ఒక్కొక్క కట్టడాన్ని విడిగా కాక పరస్పరం ఆధారపడే అంగాల సముదాయంగా రూపొందించాలని చెప్పింది. నదీ జలాల విషయంలో ఆ దృష్టికి పునాది వేసింది హార్వర్డ్ విశ్వవిద్యాలయపు జల పరిశోధన కార్యక్రమం. దాని ఫలితాలు 1962లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. ఈ దృష్టితో చూస్తే నిజాంసాగర్ హద్దు ఎక్కడుందన్నది మొదటి ప్రశ్న అవుతుంది.

1931 నాటి రూపకల్పనలో మంజీర ప్రవాహమంతా దిగువకు వస్తుందన్నది ఆధారం. తరువాత హైదరాబాద్ నగర తాగునీటి అవసరాలు నదిని ఎగువననే పంచుకున్నాయి. 1975 నాటి అంతర్రాష్ట్ర ఒప్పందాలు, 1980 నాటి గోదావరి జల వివాదాల ట్రిబ్యునల్ తీర్పు మంజీర వాటాలను నిర్ణయించాయి. సింగూరు వద్ద 29.91 టీఎంసీల జలాశయం వచ్చింది. నిజాంసాగర్ తొలి సామర్థ్యానికి దాదాపు సమానమైన నిల్వ, దానికి ఎగువనే వెలిసిందన్నమాట. సింగూరు కొంత ఒండ్రును ఆపుతుంది, నీటినీ ఆపుతుంది. ఒక జలాశయపు ఆయకట్టు భవితవ్యం మరొక జలాశయపు నిర్వహణ నియమాలపై ఆధారపడే స్థితి ఏర్పడింది.

హద్దుకు బయట మిగిలిపోయినవారు మరికొందరున్నారు. నిజాంసాగర్ కోసం దాదాపు 40 గ్రామాలు ఖాళీ అయ్యాయి. భూసేకరణ చట్టం దృష్టిలో నష్టపరిహారానికి ఆధారం భూమిపై హక్కు. భూమి లేని కూలీకి, చేతివృత్తుల వారికి పోయిన బతుకుదెరువును లెక్కించే పద్దు ఆ చట్రంలో లేదు. జీవనోపాధి నష్టాన్ని చట్టబద్ధంగా గుర్తించిన సమగ్ర శాసనం దేశంలో 2013లో గాని రాలేదు. లాభాల వైపు బోధన్ చక్కెర కర్మాగారం, వరి, చెరకు, కోస్తా జిల్లాల నుండి వచ్చి కాలువల కింద స్థిరపడిన రైతుల క్యాంపులు చరిత్రలో నమోదయ్యాయి. మునిగిన ఊళ్ల చరిత్ర అంత వివరంగా నమోదు కాలేదు.

మదింపు పద్ధతులు మారుతూ వచ్చాయి. లాభాలు ఎవరికి చేకూరినా సరే అవి ఖర్చును మించాలన్న సూత్రాన్ని 1936 నాటి అమెరికా వరద నియంత్రణ చట్టం స్థిరపరిచింది. భారతదేశంలో 1960వ దశకం నుండి రాబడి శాతానికి బదులుగా ప్రయోజన–వ్యయ నిష్పత్తి ప్రమాణమయింది. సాధారణంగా సాగునీటి ప్రాజెక్టుకు ఈ నిష్పత్తి 1.5 ఉండాలి. పద్ధతి విశాలమైనా పాత బలహీనత పోలేదనడానికి నిజాంసాగర్‌కు సంబంధించిన ఇటీవలి ఉదాహరణే ఉంది. 2021 ఏప్రిల్‌లో కాళేశ్వరం ఎత్తిపోతల నీటిని కొండపోచమ్మసాగర్ నుండి హల్దీ వాగు, మంజీరల మీదుగా నిజాంసాగర్ వైపు వదిలారు. ఆ ఎత్తిపోతల ప్రాజెక్టు నివేదికలో చూపిన నిష్పత్తి 1.51. 2024లో వెలువడిన కాగ్ నివేదిక దానిని 0.75గా తేల్చింది, పెరిగిన వ్యయంతో 0.52గా లెక్కించింది. కేంద్ర జల సంఘానికి చూపిన 81,911 కోట్ల రూపాయల వ్యయం 1,47,427 కోట్లను దాటవచ్చని పేర్కొన్నది. పూడికతో పోయిన నిల్వకు, ఎగువన ఆగిన ప్రవాహానికి ప్రత్యామ్నాయంగా విద్యుత్తుతో నీరెత్తవలసి రావడమే, 1923 నాటి అంచనాలో లేని పద్దు తిరిగి వచ్చిన ఒక రూపం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ప్రజాపనుల శాఖ అంచనా పద్ధతి నిర్మాణ వ్యయాన్ని సమర్థంగా కొలిచింది. దాని కాలపరిమితి మాత్రం కట్టడపు ఆయుష్షు కంటే చాలా చిన్నది.

2. అలీ నవాజ్ జంగ్ వరద సూత్రం స్థానిక ప్రకృతిని ఆధారంగా చేసుకున్న స్వతంత్ర కృషి. అంతటి శ్రద్ధ పూడికకు దక్కకపోవడానికి, పూడిక అంచనా పత్రంలో ఒక పద్దు కాకపోవడం ముఖ్య కారణం.

3. ఎకరా, టీఎంసీ అనే రెండు కొలమానాలు ఒకే జలాశయాలపై రెండు తీర్పులిస్తాయి. కాబట్టి వ్యయ పోలికలను ఉటంకించే పరిశోధకులు కొలమానాన్ని, నాణేన్ని, సంవత్సర గణనను స్పష్టం చేయాలి.

4. పోచారం మత్తడి వంటి కట్టడాల్లో అంచనా తప్పినా తట్టుకునే గుణం ఉంటుంది. ధర కట్టకపోవడం వల్ల, పొదుపు పేరిట మొదట కోతపడేది కూడా అదే.

2015 మార్చిలో మిషన్ కాకతీయ ప్రారంభమయింది కూడా ఈ జిల్లాలోని సదాశివనగర్‌లోనే. చెరువు పూడిక తీసి ఆ మట్టిని పొలాలకు చేర్చడం అందులో ప్రధానమైన పని. దశబంధం రోజులలో చెరువు ఏర్పాటులోనే భాగమైన ఖర్చు, మధ్యలో వందేళ్లు లెక్కలకు దూరమై, మళ్లీ ప్రత్యేక పథకంగా రావలసి వచ్చింది. చిన్న చెరువుకు సాధ్యమైన ఈ పని నిజాంసాగర్ వంటి జలాశయానికి ఎంతవరకు సాధ్యం, ఎవరి ఖర్చుతో సాధ్యం అన్నది ఇంజినీర్లు, ఆర్థికవేత్తలు, చరిత్రకారులు కలిసి తేల్చవలసిన విషయం. ఆ చర్చకు ఆనాటి అంచనా పత్రాలను పద్దు పద్దుగా చదవడం తొలి మెట్టు కావాలి.